చీటీ లేని సీసా

వాల్యా రేచే అనే కొండ ఊళ్లో పెళ్లి విందుకు వెళ్లినవాడు కడుపు పట్టుకుని ఇంటికి రావడం మామూలే. పంది కొవ్వులో ఉడికిన సర్మాలే అనే మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు, దాని మీద పొగబెట్టిన మాంసం, దాని మీద ఇంకో పళ్లెం. వద్దంటే వడ్డించే ఆవిడకి కోపం. ఇలా తినే ఊరికి వెతూరియా అనే ఆవిడ చేసే చుక్కలే దిక్కు. జూన్ నెలాఖర్లో కొండవాలు మీద పసుప్పచ్చగా పూసే సునట్వారె పూలని మంచు ఆరగానే కోసి, ఇంట్లో కాచిన పళ్ల సారాలో నానబెట్టి, ఎర్రగా దిగేదాకా ఎండలో ఉంచి, వడగట్టి చిన్న సీసాల్లో పోస్తుంది. గ్లాసు నీళ్లలో ముప్పై చుక్కలు వేసుకుని తాగితే పైత్యం దిగుతుందని, కాలేయం తేలికపడుతుందని ఊరంతా నమ్మకం. ఆ నమ్మకం వెతూరియా వాళ్లమ్మ నాటిది.

వెతూరియాకి అరవై దాటాయి. మొగుడు పోయి చాలా కాలమైంది. మనిషి పొడగరి, ముక్కు మీద కోపం, నోరు పెద్దది. మనసు అంతకన్నా పెద్దది. ఆవిడతో వాదనకి దిగాలంటే పాదిరిగారు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఊళ్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా అడక్కుండానే చారు కుండతో గుమ్మంలో నిలబడుతుంది, తాగేదాకా కదలదు, తాగుతున్నంతసేపూ తిడుతూనే ఉంటుంది. అలాంటి మనిషి ఇంకొకరు ఉంటే చూపించమనండి.

ఈ చుక్కల్ని పట్నంలో కూడా అమ్మాలని ఆవిడకి బుద్ధి పుట్టినప్పుడు జిల్లా నుంచి ఒక ఇన్‌స్పెక్టరమ్మ దిగింది. పేరు మగ్దలేనా రుసు. సన్నగా, గట్టిగా ఊదితే పడిపోయేలా ఉంటుంది. అడుగు మాత్రం వెనక్కి వెయ్యదు. వంటిల్లు చూసింది, సీసాలు చూసింది, వడగట్టే గుడ్డ వాసన కూడా చూసింది. వెతూరియా తన సీసాల మీద "కాలేయానికి దివ్యౌషధం" అని మనవరాలి చేత అందంగా రాయించి పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరమ్మ ఆ చీటీని గోటితో పీకి పక్కన పెట్టింది.

"వెతూరియా గారూ, ఇదే పువ్వుని ఎండబెట్టి సంచిలో పోసి అమ్మితే టీ. ఇలా సీసాలో పోసి, పూటకి ఇన్ని చుక్కలని కొలత చెప్పి అమ్మితే సప్లిమెంట్. జబ్బు నయం చేస్తుందని ఒక్క ముక్క రాశారంటే మందు అవుతుంది. మందు అమ్మాలంటే ఏళ్ల తరబడి పరీక్షలు కావాలి, అనుమతి కావాలి. ఏది కావాలో మీరే తేల్చుకోండి."

"మా అమ్మ చేతి మీదుగా ఎన్ని కాలేయాలు బాగుపడ్డాయో మీకేం తెలుసు?" అంది వెతూరియా నడుం మీద చేతులు పెట్టుకుని.

"తెలీదు. మీకూ తెలీదు. బాగుపడ్డవాళ్లు వచ్చి చెప్తారు. పడనివాళ్లు రారు."

వెతూరియా ఆ సాయంత్రమంతా ఇన్‌స్పెక్టరమ్మని తిడుతూనే ఉంది కానీ, చెప్పినట్టల్లా చేసింది. ఏమేం వేసిందీ, ఎంతెంత వేసిందీ రాజధానికి తెలియజేస్తే అక్కణ్నుంచి ఒక నంబరు వచ్చింది. ఆ నంబరుని సర్కారు మెడలో వేసిన పతకమనుకుని ఊరంతా చూపించింది. చట్టం లెక్కలో ఇది మందు కాదట, ఆహారమేనట, రొట్టె ఎంతో ఇదీ అంతేనట అని కనపడ్డవాళ్లందరికీ చెప్పింది. ఇన్‌స్పెక్టరమ్మ మళ్లీ వచ్చినప్పుడు ఈ సంబరం చూసి నీళ్లు చల్లింది. నంబరంటే ఇలాంటి సరుకొకటి ఉందని మాకు తెలుసని అర్థం, అంతేగాని సరుకు మంచిదని మేం సంతకం పెట్టినట్టు కాదు అంది. ఆహారం కాబట్టే దీన్ని ముందుగా ఎవరూ పరీక్షించి పాస్ చెయ్యరనీ, ఎవరికి ఏమైనా బాధ్యత తయారుచేసినవాళ్లదేననీ, అందుకే చీటీ మీద ప్రతి ముక్కా సరిగ్గా ఉండాలనీ చెప్పింది.

ఆ చీటీ దగ్గరే అసలు యుద్ధం జరిగింది. చెప్పిన కొలత దాటొద్దు, పిల్లలకి అందనీయొద్దు, ఇది భోజనానికి బదులు కాదు. వీటిదాకా వెతూరియా ఒప్పుకుంది. ఆఖరి వాక్యం దగ్గర మొండికేసింది. వేరే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా తీసుకోరాదు అని రాయాలట. అది చూసి ఎవడు కొంటాడు, విషం సీసా అనుకుంటాడు అని అరిచింది. ఇన్‌స్పెక్టరమ్మ అరవలేదు. సంచీలోంచి స్కేలు తీసి అక్షరాల ఎత్తు కొలిచింది, ఇంకాస్త పెద్దవి కావాలంది. వెతూరియా పళ్లు నూరుకుంటూ పెద్దవే వేయించింది. ఆ తర్వాత చాలాకాలం, ఎవరింట్లో విందు జరిగినా, ఇన్‌స్పెక్టరమ్మ కళ్లజోడు సవరించుకుని స్కేలు పెట్టే తీరుని అనుకరించి చూపించి నవ్వించేది.

అయితే ఆ చీటీలన్నీ బయటివాళ్ల సీసాలకే. అయినవాళ్లకిచ్చే సీసాకి చీటీ అంటించడం ఆ ఊళ్లో ఎక్కడా లేదు. తేనె గానీ సారా గానీ ఊరగాయ గానీ, చుట్టానికి ఇస్తే ఉత్త సీసాలో ఇవ్వాలి, చేతితో ఇవ్వాలి. చీటీ అంటించి ఇచ్చారంటే నువ్వు మాకు కొనుగోలుదారువి అని మొహం మీద చెప్పినట్టే. వెతూరియా కొత్త సరుకు దించగానే ముందు చుట్టాల సీసాలు నింపి, గుడ్డలో చుట్టి పంపేది. అమ్మకం తర్వాత.

అలా పంపిన సీసాల్లో ఒకటి ఆ వేసవిలో గావ్రిల్ ఇంటికి వెళ్లింది.

గావ్రిల్ కలప లారీ నడిపేవాడు. అతనికీ అనూట్సాకీ పెళ్లయినప్పుడు పక్కన నిలబడి కొవ్వొత్తి పట్టింది వెతూరియాయే. అలా పట్టినావిడని నాష అంటారు. కన్నతల్లి మాటైనా దాటొచ్చు గానీ నాష మాట దాటకూడదు. గావ్రిల్‌కి రెండు కిడ్నీలూ చెడిపోయి, వారం వారం యంత్రానికి కట్టేసినట్టు బతుకుతుంటే, అనూట్సా తన కిడ్నీ ఇచ్చింది. అడిగించుకోలేదు, ఏడవలేదు, క్లూజ్ నగరంలోని పెద్దాసుపత్రికి వెళ్లి నాది సరిపోతుందేమో చూడండి అంది. సరిపోయింది. ఇద్దరూ తిరిగొచ్చిన రోజున ఊరు ఊరంతా గేట్ల దగ్గర నిలబడి చూసింది. ఆ పిల్లని చూస్తే కళ్లు చెమర్చనివాళ్లు లేరు.

పరాయి కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా గావ్రిల్ ఇక జీవితాంతం పూటపూటా మాత్రలు మింగాలి. మింగుతూనే ఉన్నాడు. కానీ ఎండాకాలం దాటేసరికి రక్తపరీక్షలో ఆ మందు జాడ తగ్గడం మొదలైంది. క్లూజ్‌లో అతన్ని చూసే డాక్టర్ హోసు మాత్రలు పెంచాడు. మళ్లీ తగ్గింది. మళ్లీ పెంచాడు. కిడ్నీ వాపెక్కింది, పని మందగించింది. మందులు, మూలికలు, సప్లిమెంట్లు ఇంకేమైనా వాడుతున్నావా అని ప్రతిసారీ అడిగాడు. లేదని గావ్రిల్ ప్రతిసారీ చెప్పాడు. అబద్ధం కాదది. సప్లిమెంటంటే టీవీలో చూపించే రంగుల డబ్బా అని అతని లెక్క. నాష పంపిన సీసా ఇంట్లో ఉప్పు లాంటిది. ఇంట్లో ఉప్పుందని డాక్టరుకి ఎవరు చెప్తారు?

ఇక మిగిలింది ఒకటే అనుమానం, మాత్రలు మింగట్లేదని. డాక్టరు నోటితో అనలేదు గానీ అనూట్సా కళ్లతో అనేసింది. ఆవిడ మాత్రల డబ్బా తనే తీసి ఇచ్చేది, అయినా వీపు తిప్పగానే పొయ్యిలో పారేస్తున్నాడేమోనని చూసేది. తన ఒంట్లోంచి కోసి ఇచ్చిన ముక్క అది. మొగుడు దాన్ని చేజేతులా చంపుకుంటున్నాడనుకుంటే ఏ ఆడదానికి ఒళ్లు మండదు? మాటలు ఆగిపోయాయి. గావ్రిల్ పక్క వెనక గదిలోకి మారింది. చివరికి ఒక మధ్యాహ్నం అనూట్సా వెతూరియా వాకిట్లోకి వచ్చి, మీరు నిలబడి చేసిన పెళ్లి నాషా, మీరే వచ్చి అడగండి అని చెప్పి వెళ్లిపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

పెళ్లిలో కొవ్వొత్తి పట్టినావిడ పని అదే మరి. వెతూరియా తలగుడ్డ బిగించి, దారంతా తిట్లు పోగేసుకుంటూ వెళ్లింది. వంటింట్లో బల్ల ముందు కూర్చోబెట్టి గావ్రిల్‌ని ఉతికి ఆరేసింది. సిగ్గు లేదట్రా, ఆ పిల్ల పొట్ట కోయించుకుంది నీకోసం, గుక్కెడు నీళ్లతో మాత్ర మింగడానికి నీకేం రోగం అని అడిగింది. గావ్రిల్ తల దించుకుని అంతా విన్నాడు. మొహం పాలిపోయి, కళ్ల కింద ఉబ్బి ఉంది. అనూట్సా పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడింది.

"మింగుతున్నాను నాషా. ఎవరూ నమ్మట్లేదు. ఇదిగో, మీరే చూడండి," అన్నాడు గావ్రిల్.

లేచి డబ్బా తెచ్చాడు. సాయంత్రం మాత్రలు అరచేతిలో పోసుకుని ఆవిడకి చూపించి నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత కిటికీ దగ్గరున్న చిన్న సీసా తీసి, గ్లాసు నీళ్లలో ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టుకుంటూ వేశాడు. నీళ్లు ఎర్రబారాయి.

వెతూరియా ఆ సీసాని గుర్తుపట్టింది.

"అదెప్పట్నించిరా?" అంది.

"వేసవిలో మీరు పంపిన దగ్గర్నుంచి. పొద్దునా సాయంత్రం. ఇన్ని మాత్రలకి కాలేయం పాడైపోకుండా ఇదైనా కాస్తుందని ధైర్యం. ఒక్క పూట కూడా మానలేదు నాషా."

"డాక్టరుకి చెప్పావా?"

"చెప్పడానికేముంది? ఇది ఆహారమని మీరేగా అన్నారు."

వెతూరియా అతని చేతిలోంచి గ్లాసు లాక్కుంది. నీళ్లు తొట్లో ఒంపేసి, సీసా గౌను జేబులో వేసుకుని, ఇక తాగకు అని మాత్రం అని బయటపడింది. ఎందుకని వాళ్లడుగుతున్నా వినిపించుకోలేదు. తను స్కేలుతో కొలిపించుకుని మరీ తిట్టుకున్న ఆ వాక్యం ఈ సీసా మీద లేదు. చుట్టం కాబట్టి రాయలేదు, ప్రేమ కొద్దీ రాయలేదు. దారి మధ్యలో ఆగి కంచె పట్టుకుని నిలబడింది.

అప్పుడొక ఆలోచన వచ్చింది, దాచిపెట్టి లాభం లేదు, వచ్చింది. సీసా నా దగ్గరుంది. వాడిక తాగడు. రక్తంలో మందు దానంతటదే సర్దుకుంటుంది, కిడ్నీ కోలుకుంటుంది. నాష వచ్చి గడ్డి పెట్టింది, గావ్రిల్ దారిలో పడ్డాడు అనుకుంటారు. మా అమ్మ పేరూ, నా పేరూ, పట్నంలో అమ్మకం, అన్నీ నిలబడతాయి. గావ్రిల్ మీద చిన్న మచ్చ మిగులుతుంది, అంతేగా. ఇంత తేలిగ్గా తప్పించుకునే దారి దొరికితే మనలో ఎంతమంది వదులుకుంటాం?

ఇంటికి వెళ్లగానే వెతూరియా ఫోన్ తీసి మగ్దలేనా రుసుకి కలిపింది. లోకంలో ఏ మనిషి గొంతు వినడం తనకి గిట్టదో ఆ మనిషికే. జరిగిందంతా చెప్పింది.

"ఆ మూలిక ఒంట్లోకి వెళ్తే కొన్ని మందుల్ని తొందర తొందరగా అరగదీసి బయటికి పంపేస్తుంది వెతూరియా గారూ. కిడ్నీ నిలిపే మాత్రలు వాటిలో ఉన్నాయి."

"సీసా తెచ్చేశాను. ఇక తాగడు. సరిపోతుందిగా?"

"సరిపోదు. మందు తగ్గిందని డాక్టర్లు మాత్రలు పెంచి ఉంటారు. ఇప్పుడు చుక్కలు ఆగిపోతే, కొన్నాళ్లకి ఆ పెంచిన మందంతా రక్తంలో పేరుకుంటుంది. అది ఎక్కువైనా కిడ్నీకి దెబ్బే. మీరు ఊరుకుంటే రెండోసారి చంపినట్టవుతుంది. రేపు పొద్దున్నే డాక్టరుకి చెప్పాలి."

ఎత్తిపొడుపు కోసం వెతూరియా ఎదురుచూసింది. చెప్పానా, వినలేదుగా అంటుందనుకుంది. అంటే బాగుండుననుకుంది. ఆవిడ అనలేదు. భయపడకండి, సమయం ఉంది, సీసా కూడా పట్టుకెళ్లండి అని చెప్పి, పరీక్ష ఏమైందో తనకి కబురు చెయ్యమంది. అంతటి పెద్దరికం ఆ బక్క మనిషిలో ఎక్కడ దాగుందో!

పొద్దున్నే రక్తపరీక్షకి క్లూజ్ బయల్దేరిన కారు ముందు వెతూరియా ప్రత్యక్షమయ్యేసరికి భార్యాభర్తలిద్దరూ తెల్లబోయారు. నేనూ వస్తున్నాను అంది. క్లూజ్ దాకా ఉన్న ఆ దూరంలో ఎన్నిసార్లు నోరు తెరిచిందో, ఎన్నిసార్లు మూసుకుందో. ముందు సీట్లో అనూట్సా మెడ నిటారుగా పెట్టి రోడ్డు చూస్తూ కూర్చుంది.

డాక్టర్ హోసు కొత్త పరీక్ష కాగితం చూసి, చాలా మెల్లగా, గావ్రిల్, నాతో నిజం చెప్పు అని మొదలుపెట్టాడు. వెతూరియా లేచి నిలబడి సీసాని ఆయన బల్ల మీద పెట్టింది.

"డాక్టరుగారూ, వీడు మాత్రలు మానలేదు. ఒక్క పూట మానలేదు. వాటిని పనిచెయ్యకుండా చేసింది నేను."

డాక్టరు సీసా అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏముంది ఇందులో అని అడిగాడు. సునట్వారె అని వినగానే కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. గావ్రిల్‌ని అక్కడే చేర్చుకున్నారు. చుక్కల ప్రభావం దిగుతున్నకొద్దీ మాత్రలు తగ్గించుకుంటూ రావాలనీ, రోజూ రక్తం చూడాలనీ, కిడ్నీ నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేననీ డాక్టరు చెప్పాడు. అనూట్సా ఎవరివంకా చూడకుండా లేచి బయటికి వెళ్లిపోయింది. వెతూరియా బస్సులో ఒక్కతే ఊరికి తిరిగొచ్చింది.

కిడ్నీ సంగతి తేలేదాకా ఆగుదామని వేరే ఎవరైనా అనుకునేవారు. ఆవిడ ఆగలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక జనం గుడి మెట్లు దిగుతుంటే, పాదిరిగారిని పక్కకి జరగమని తను మెట్టు మీద నిలబడింది. గావ్రిల్ కథంతా చెప్పింది, ఒక్క ముక్క కూడా తనకి అనుకూలంగా మార్చకుండా చెప్పింది. చీటీ లేకుండా నేనిచ్చిన సీసాలన్నీ నాకు తిరిగి తెచ్చివ్వండి, ఏ మాత్ర మింగుతున్నవాళ్లయినా ముందు డాక్టరుని అడగండి, సిగ్గుపడకండి అంది. మరి సర్మాలే తిన్న మా కడుపుల గతేమిటని వెనకనుంచి ఎవరో అన్నారు.

"తక్కువ తిను," అంది వెతూరియా.

నవ్వారు గానీ, ఇళ్లకి వెళ్లినవాళ్లు వెళ్లినట్టే సీసాలు పట్టుకుని తిరిగొచ్చారు. గుండెజబ్బుకి రక్తాన్ని పలచన చేసే మాత్ర మింగే ముసలి పావెల్ సీసా ఇస్తూ, నాకూ కాదంటావా అని అడిగితే, నీకు అసలే కాదు, రేపే ఆసుపత్రికి వెళ్లు అని గదిమింది. సవేతా అనే ఇల్లాలు చంకలో నెలల పిల్లవాడితో వచ్చి, చుట్టూ చూసి, చెవిలో గుసగుసలాడింది. తను పిల్లలు వద్దని మాత్రలు వేసుకునేదట, ఈ చుక్కలూ తాగేదట. ఇద్దరూ కాసేపు ఆ పిల్లవాడి బోసినవ్వు చూస్తూ నిలబడ్డారు. చివరికి వెతూరియా, వీడికి నేనే బాప్తిస్మం ఇప్పిస్తాలే అంది.

రెండు వారాల తర్వాత ఆదివారం, జనం మళ్లీ గుడి మెట్లు దిగుతుండగా గావ్రిల్ కారు వచ్చి ఆగింది. ఆసుపత్రి నుంచి నేరుగా వస్తున్నారు. గావ్రిల్ మొహానికి గుడ్డ కట్టుకుని లోపలే కూర్చున్నాడు. అనూట్సా దిగింది. ఆ పిల్ల అందరి మధ్యనుంచీ నడుచుకుంటూ వస్తుంటే వెతూరియా మెట్టు దిగి, తిడితే తిట్టించుకోవడానికి, కొడితే కొట్టించుకోవడానికి సిద్ధపడి నిలబడింది.

"నిలిచింది నాషా," అంది అనూట్సా. "కాస్త దెబ్బ తిందట, కానీ పనిచేస్తుందన్నారు."

వెతూరియా శిలువ గీసుకుంది. ఏదో అనబోయింది. అనూట్సా ఆవిడని అననివ్వలేదు.

"మీరొచ్చి చెప్పకపోతే ఆయన్ని బతికినంతకాలం అబద్ధాలకోరుగానే చూసేదాన్ని. ఒంట్లోంచి కిడ్నీ కోసి ఇచ్చాను. నీ మాట నమ్ముతున్నాను అని మాత్రం ఒక్కసారి అనలేకపోయాను నాషా." అంటూనే ఏడ్చేసింది. ఆపరేషన్ రోజున కూడా ఏడవని పిల్ల.

వెతూరియా ఆమెని దగ్గరికి తీసుకుని, వీపు నిమిరి, చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి నడిచింది. ఆ ఊళ్లో పెళ్లయినవాళ్లు తమ నాష చెయ్యి ముద్దుపెట్టుకుంటారు. నాష వంగడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. వెతూరియా కారు తలుపు తీసి, అంత పొడుగు మనిషీ సగానికి వంగి, గావ్రిల్ చెయ్యి అందుకుని, సూదులు గుచ్చిన చోట ముద్దుపెట్టుకుంది. అతను కంగారుగా చెయ్యి వెనక్కి లాక్కోబోతే వదల్లేదు.

"నన్ను క్షమించరా," అంది. ఊరంతా వింటుండగా, పెద్ద గొంతుతోనే అంది.